వాల్స్‌లో కల్సొటాడ: ఉల్లికాడల కోసం వంద కిలోమీటర్లు వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. అదీ ఫిబ్రవరి, మార్చి నెలల్లో, వీలైతే శని ఆదివారాలు కాకుండా మామూలు రోజున వెళ్లాలి.

ఊరి పేరు వాల్స్. స్పెయిన్‌లోని కటలోనియాలో టరగోనా వైపు ఉంటుంది, బార్సెలోనా నుంచి రోడ్డు మీద దాదాపు వంద కిలోమీటర్లు, పాతిక వేలకి అటూ ఇటూ జనం. ఇక్కడ చలికాలంలో పండే ఒక రకం ఉల్లిని కల్సోట్ అంటారు, నలుగురూ చేరి వాటిని కాల్చుకుని తినే భోజనాన్ని కల్సొటాడ అంటారు. నేను రాస్తున్నది ఊరి బయట పొలాల మధ్య ఉన్న ఒక మాసియాలో తిన్న కల్సొటాడ గురించి. మాసియాలంటే ఆ ప్రాంతపు పాత రాతి ఇళ్లు, ఒకప్పుడు రైతు కుటుంబాలు ఉండేవి, ఇప్పుడు చాలావాటిలో హోటళ్లు నడుస్తున్నాయి. పేరు రాయడం లేదు, ఎందుకంటే వాళ్ల మీద నాకు కొన్ని ఫిర్యాదులున్నాయి, పైగా చుట్టుపక్కల ఏ మాసియాకి వెళ్లినా మెనూ దాదాపు ఇదే కాబట్టి ఇక్కడి మంచీ చెడూ అన్నిచోట్లా పనికొస్తాయి.

బార్సెలోనాలో కూడా ఈ సీజన్‌లో చాలా రెస్టారెంట్ల బయట కల్సోట్లు అని బోర్డు పెడతారు. నేను అక్కడా తిన్నాను. గ్యాస్ గ్రిల్ మీదో ఓవెన్‌లోనో చేసి తెచ్చినవి తింటే, దీనికోసం ఇంత హడావిడి దేనికి అనిపిస్తుంది. అసలు సంగతి మంటలో ఉంది. ద్రాక్షతోటల్లో చలికాలంలో కొమ్మలు కత్తిరిస్తారు, ఆ ఎండు పుల్లల కట్టలే ఇక్కడ వంటచెరకు. నిప్పుల మీద మెల్లగా కాల్చడం కాదు, పుల్లలు అంటించి మంట నడుము దాకా లేస్తున్నప్పుడే, కల్సోట్లు వరసగా పేర్చిన ఇనప జల్లెడని నేరుగా ఆ మంట మీద పెట్టేస్తారు. పెరట్లో ఈ పని చేస్తున్న పెద్దాయన మమ్మల్ని దగ్గరికి రానిచ్చాడు. పై పొర కాసేపటికే బొగ్గులా నల్లబడిపోతుంది, అయినా ఆయన తియ్యడు, వేళ్లు కోసేసిన చివర్ల నుంచి నీరు నురగలా బుసబుసా పొంగడం మొదలయ్యాకే జల్లెడ తిప్పుతాడు. రెండో వైపు కూడా అలా పొంగితేనే లోపల ఉడికినట్టు లెక్క. దించగానే పాత న్యూస్‌పేపర్లలో పొట్లం కట్టి పక్కన పెట్టేస్తాడు, ఆ వేడి ఆవిరికి లోపలి తెల్ల భాగం వెన్నలా మెత్తబడుతుంది. ఈ పొట్లం కట్టే సమయం తగ్గించారా, భోజనం పాడైనట్టే. దాని సంగతి కింద చెప్తాను.

ఇవి మనం బజారులో చూసే ఉల్లికాడలు కావు. విత్తనం వేసి ముందు ఉల్లిగడ్డ పండిస్తారు, దాన్ని తవ్వి ఆరబెట్టి వేసవి చివర్లో మళ్లీ భూమిలో పెడతారు. ఒక్కో గడ్డ నుంచి నాలుగో ఐదో, ఇంకా ఎక్కువో మొలకలొస్తాయి. అవి ఎదుగుతున్నకొద్దీ మొదళ్ల చుట్టూ మట్టి ఎగదోస్తూ పోతారు, ఎండ తగలక ఆ భాగం తెల్లగా, పొడవుగా, ఘాటు లేకుండా తయారవుతుంది. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా కోతలుంటాయి కానీ చలి బాగా పట్టాక తవ్వినవాటికే తీపి వస్తుందని అక్కడివాళ్లు గట్టిగా చెప్తారు, తింటే నిజమే అనిపిస్తుంది. వాల్స్ కల్సోట్‌కి యూరప్‌లో భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ ముద్ర పడాలంటే తెల్ల భాగం పొడవు 15 నుంచి 25 సెంటీమీటర్లు, మందం 1.7 నుంచి 2.5 సెంటీమీటర్లు ఉండాలి. పండే చోటు కూడా వాల్స్ ఉన్న ఆల్ట్ క్యాంప్ మండలం, దాని పక్కనున్న కొన్ని మండలాలే అయ్యుండాలి.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో షాట్ దె బెనాయిజెస్ అనే రైతు ఉల్లి మొలకల్ని మంట మీద మరిచిపోతే పైన మాడిపోయాయనీ, పారెయ్యకుండా పై పొర ఒలిచి చూస్తే లోపల మెత్తగా తియ్యగా ఉందనీ ఒక కథ చెప్తారు. ఊళ్లో ఎవరినడిగినా ఈ కథ చెప్తారు, కొంచెం కొంచెం మార్పులతో.

ఇక బల్ల దగ్గరికి వస్తే, ముందు మెడలో పెద్ద కాగితపు బిబ్ కడతారు, పెద్దవాళ్లక్కూడా. మొహమాటపడకుండా కట్టించుకోండి, అవసరం పడుతుంది. కల్సోట్లని పేపర్ పొట్లం విప్పి వంపు తిరిగిన ఇంటి పెంకులో పెట్టి తెస్తారు, పెంకు వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి చివరి కాడ దాకా గోరువెచ్చగా ఉంటాయి. ఒక చేత్తో నల్లటి మొదలు గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో పైనున్న లోపలి పచ్చ ఆకుల్ని పట్టుకుని లాగితే మాడిన తొడుగు చేతిలో ఉండిపోయి తెల్లటి కాడ జారి బయటికొస్తుంది. దాన్ని సాస్‌లో ముంచి, తల వెనక్కి వంచి, పై నుంచి నోట్లోకి దించుకుంటూ కొరకాలి. పచ్చ భాగం తినరు. కత్తీ ఫోర్కూ ఇవ్వరు, ఈ ఒక్క భోజనానికి ఎవరూ అడగరు కూడా. చేతులు మసి, చొక్కాకి పొగ వాసన, రెండూ ఖాయం, లేత రంగు బట్టలు వద్దు.

ఆ సాస్ గురించి విడిగా చెప్పాలి. కల్సోట్లతో ఇచ్చేదాన్ని సల్విచాడ అంటారు, చాలా చోట్ల రొమెస్కో అనే రాస్తారు, రెండూ దగ్గరి చుట్టాలే. నిప్పుల మీద కాల్చిన టమాటాలు, వెల్లుల్లి, బాదం, హేజల్‌నట్, నానబెట్టి లోపలి గుజ్జు గీసి తీసిన న్యోరా అనే గుండ్రటి ఎండు మిరప, ఆలివ్ నూనె, కాస్త వెనిగర్. న్యోరాకి కారం ఉండదు, రంగూ ఒక రకమైన తియ్యటి మట్టివాసనా ఉంటాయి. మేం వెళ్లిన చోట సాస్ మరీ మెత్తగా కాకుండా రోట్లో నూరిన పచ్చడిలా పలుకు తగిలేలా చేశారు, బాదం ముక్క పంటికింద పడుతోంది, వెనిగర్ పులుపు సరిగ్గా ఉంది. మనిషికో మట్టి గిన్నె ఇస్తారు, అయిపోతే మళ్లీ పోస్తారు. నేను ఆ దేశంలో తిన్న సాస్‌లన్నిటిలో ఇదే గొప్పది అని ఏ సందేహం లేకుండా రాస్తున్నాను. నట్స్ పడనివాళ్లు మాత్రం దీని జోలికి పోకూడదు, ముందే చెప్తే ఉప్పు, ఆలివ్ నూనె ఇస్తారు.

మాతో వచ్చిన వదిన పూర్తి శాకాహారి. కల్సోట్లూ సాసూ ఆమెకి పండగే, రెండో పెంకు రాగానే "నువ్వు మాంసం తింటావుగా, ఇవి ఇటు జరుపు" అని నా ముందునుంచి లాగేసుకుంది. గొడవ ఆ తర్వాత మొదలైంది. కల్సొటాడ మెనూలో రెండో విడత మాంసం: గొర్రె పక్కటెముకలు, బోటిఫర్రా అనే పంది సాసేజ్, తెల్ల బీన్స్, కాల్చిన ఆర్టిచోక్‌లు (పొరలు పొరలుగా పూమొగ్గలా ఉండే కూర), అల్లియోలి అనే వెల్లుల్లి సాస్. ఫోన్లో బుక్ చేసినప్పుడే శాకాహారం కావాలని చెప్పాం, సరేనన్నారు. తీరా వచ్చింది ఒక చిన్న ప్లేట్లో కాల్చిన వంకాయ, కాప్సికం ముక్కలు, చల్లగా. బీన్స్ అయినా ఇవ్వండి అంటే సాసేజ్‌తో పాటే వేయించాం అన్నారు. బిల్లులో మాత్రం అందరితో సమానం. ఇది న్యాయం కాదు. ఆర్టిచోక్‌లనే ఇంకో నాలుగు విడిగా కాల్చి ఇచ్చినా సరిపోయేది, మంట పక్కనే ఉంది కదా.

రెండో ఫిర్యాదు తొందర గురించి. మేం వెళ్లింది ఆదివారం, తప్పలేదు, అన్నయ్యకి ఆ రోజే సెలవు. మధ్యాహ్నం ఒంటిగంటకి ఒక బ్యాచ్, మూడు దాటాక ఇంకో బ్యాచ్ అన్నట్టు నడిపిస్తున్నారు. మేం ఇంకా కల్సోట్లు ఒలుస్తుండగానే మాంసం తెచ్చి బల్ల మీద పెట్టేశారు, చేతులు కడుక్కుని వచ్చేసరికి అది చల్లారింది. అంతకన్నా బాధేసిందేమిటంటే, మొదటి పెంకు అంత బాగున్న చోట మూడో పెంకులో సగం కాడలు మధ్యలో పచ్చిగా, పీచుగా ఉన్నాయి. పొట్లంలో ఉంచాల్సినంత సేపు ఉంచలేదన్నమాట. చెప్తే మార్చి ఇచ్చారు, ఆ అమ్మాయి క్షమించమని కూడా అడిగింది, కానీ పెరట్లో ఆ పెద్దాయన పడుతున్న శ్రమ చూసొచ్చాక లోపల ఇలా బల్లలు ఖాళీ చేయించే ఆత్రం చూస్తే మనసు చివుక్కుమంది.

వైన్ పొర్రోలో వస్తుంది. పొడుగు ముక్కున్న గాజు పాత్ర, పెదవులకి తగలకుండా ఎత్తి ధారగా పోసుకోవాలి. చివర్లో నారింజ పళ్లు, క్రెమా కటలానా అనే కస్టర్డ్ లాంటి తీపి, కావా అనే నురగ వైన్. క్రెమాలో గుడ్డు పచ్చసొన ఉంటుంది, శాకాహారులు నారింజతో సరిపెట్టుకోవాలి, ఆ నారింజలు బాగున్నాయి. అన్నీ కలిపి మనిషికి 45 యూరోలు అయింది. కల్సోట్లకీ సాస్‌కీ ఐదుకి ఐదు, మాంసానికి మూడు, సర్వీసుకి రెండు ఇస్తాను.

అయినా మళ్లీ వెళ్తాను, మామూలు రోజున. ఎందుకంటే ఊరు కూడా ఒక పూట గడపడానికి బాగుంటుంది. మనుషులు ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి కట్టే గోపురాలు, వాటిని కాస్టెల్స్ అంటారు, వాటికి పుట్టినిల్లు ఇదే. 2010లో యునెస్కో గుర్తింపు వచ్చింది. కొల్లా వెల్లా, కొల్లా జోవెస్ అని ఊళ్లో రెండు జట్లు, రెండింటికీ మధ్య పోటీ తరాల నాటిది. అసలు సీజన్ జూన్‌లో సాంట్ జోన్ పండగతో ఊపందుకుని అక్టోబర్‌లో సాంతా ఉర్సులా దాకా సాగుతుంది కాబట్టి చలికాలంలో గోపురాలు చూడలేం. కానీ ప్లాసా దెల్ బ్లాట్ అనే ఆ చిన్న చౌకులో నిలబడి చుట్టూ బాల్కనీలు చూస్తే, ఇంత ఇరుకు చోటులో అంత ఎత్తు ఎలా కడతారా అని నోరు తెరుచుకుంటుంది. వేసవిలో ఇక్కడ కాలు పెట్టే సందుండదు, ఫిబ్రవరిలో చౌకంతా మనదే.

పక్కనే సాంట్ జోన్ చర్చి. దాని గంట గోపురం 74 మీటర్లు, కటలోనియాలో బాగా ఎత్తయిన గంట గోపురాల్లో ఒకటి. 1897లో పూర్తయింది, ఊళ్లోకి వస్తుంటే దూరం నుంచే కనిపిస్తుంది. రోజెర్ ప్రార్థనాలయం తలుపు తీసి ఉంటే మాత్రం వదలొద్దు. లోపల 1571 నాటి లెపాంటో నౌకాయుద్ధాన్ని రంగు టైల్స్ మీద గీశారు, ఆ టైల్స్ 1605 నాటివి. తెడ్లు వరసగా కదులుతున్న ఓడలు, నీళ్లలో పడిన మనుషులు, ఒక్కో టైల్ దగ్గర ఆగి చూడాలనిపిస్తుంది. మధ్యాహ్నం రెండింటి నుంచి ఐదింటి దాకా దుకాణాలు మూసే ఉంటాయి కాబట్టి ఇవన్నీ ఉదయమే చూసుకుని భోజనానికి పోవడం మేలు.

పెద్ద కల్సొటాడ పండగ జనవరి చివరి ఆదివారం. రైతులకీ, సాస్ చేసేవాళ్లకీ, ఎక్కువ కల్సోట్లు తినేవాళ్లకీ పోటీలుంటాయి, వీధుల్లోనే కాల్చి చూపిస్తారు. సందడి ఇష్టమైతే ఆ రోజు వెళ్లండి. నాకైతే ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి మొదటి వారాల దాకా ఉండే రోజులే ఇష్టం. పగలు స్వెట్టర్ చాలు, నీడలోకి వెళ్తే వణుకు, ఊరి చుట్టూ బాదం చెట్లు ఆకు వెయ్యకముందే తెల్లగా, లేత గులాబీగా పూసేసి ఉంటాయి. కారుంటే దగ్గర్లోనే సాంతెస్ క్రెవ్స్ మఠం ఉంది, పన్నెండో శతాబ్దంలో మొదలైనది. ఇంకాస్త ముందుకెళ్తే కోటగోడల మధ్య మోంట్‌బ్లాంక్ ఊరు, దాని పక్కన యునెస్కో జాబితాలో ఉన్న పొబ్లెట్ మఠం.

వెళ్లేవాళ్లకి కొన్ని మాటలు. బార్సెలోనా సాంట్స్ స్టేషన్ నుంచి వాల్స్‌కి నేరుగా రీజనల్ రైలుంది కానీ రోజుకి కొన్నే, గంటన్నర పైనే పడుతుంది, తిరుగు టైమ్ చూసుకోకుండా బయల్దేరొద్దు. హైస్పీడ్ రైలు ఆగే క్యాంప్ దె టరగోనా స్టేషన్ పొలాల మధ్య ఉంటుంది, అక్కడి నుంచి టాక్సీ కావాలి. మాసియాలు కూడా ఊరి బయటే, సాయంత్రం టాక్సీ దొరకడం కష్టం, అందుకని భోజనానికి కూర్చోకముందే హోటల్ వాళ్లతో చెప్పి తిరుగు టాక్సీ మాట్లాడించుకోండి. కారులో వెళ్తే ఒకరు పొర్రో ముట్టకుండా ఉండాలి, మాకు అన్నయ్య ఉన్నాడు. బుకింగ్ చేసేటప్పుడు రెండు ప్రశ్నలు తప్పకుండా అడగండి: ద్రాక్ష పుల్లల మంట మీదే కాలుస్తారా, మాంసం తిననివాళ్లకి రెండో విడతలో సరిగ్గా ఏం పెడతారు. రెండోదానికి జవాబు వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకుంటే ఇంకా మంచిది.