నేపుల్స్‌లో ఒక్కదాన్నే: తిన్నవి, చూసినవి, ఉన్న చోట్లు

ఇటలీ వెళ్తున్నానంటే రోమ్, వెనిస్ అని అందరూ సంతోషపడతారు, నేపుల్స్ అనగానే మాత్రం "అక్కడ దొంగలెక్కువట కదే, ఒక్కదానివే ఎందుకు" అని మా పిన్ని దగ్గర్నుంచి ఆఫీసులో వాళ్ళ దాకా అందరిదీ అదే మాట. వెళ్ళొచ్చాక నేను చెప్పేది ఏంటంటే, ఒక్కళ్ళే తిరుగుతూ కడుపునిండా తినాలనుకునేవాళ్ళకి మధ్యధరా సముద్రం ఒడ్డున నేను చూసిన ఊళ్ళలో ఇదే బెస్ట్. ఇక్కడి తిండిలో సగం నిలబడి తినేదే, ఒక మనిషికి సరిపోయేలాగే చేస్తారు, టేబుల్ బుక్ చేసుకుని ఎదురుగా ఖాళీ కుర్చీ చూస్తూ కూర్చోవాల్సిన పని లేదు. మిగతా ఊళ్ళలో డిన్నర్ టైం అయ్యేసరికి "ఎంతమంది? ఒక్కరేనా?" అని అడుగుతుంటే ఉండే ఇబ్బంది ఇక్కడ నాకు దాదాపు రాలేదు.

వెళ్ళడం సంగతి త్వరగా చెప్పేస్తా. షెంజెన్ వీసా ఫీజు పెద్దవాళ్ళకి 2024 నుంచి 90 యూరోలు, దాని మీద సర్వీస్ చార్జీలు వేరే. హైదరాబాద్ నుంచి మధ్యలో ఒక ఫ్లైట్ మారి రోమ్‌లో దిగి, తెర్మిని స్టేషన్ నుంచి ఫాస్ట్ ట్రైన్ ఎక్కితే గంటా పది నిమిషాలు అటూ ఇటూగా నేపుల్స్ సెంట్రల్. ఈ ట్రైన్ టికెట్లు ముందుగా కొంటే బాగా తక్కువకి వస్తాయి, అప్పటికప్పుడు కొంటే రేటు చూసి గుండె ఆగుతుంది. నేపుల్స్‌లోనే ఫ్లైట్ దిగేవాళ్ళకి ఎయిర్‌పోర్ట్ నుంచి స్టేషన్‌కీ, పోర్టుకీ అలీబస్ అని బస్సు ఉంది, టాక్సీ అవసరం లేదు.

ఇంక ఉండే చోటు. మొదట స్టేషన్ ఎదురుగా గారిబాల్డి స్క్వేర్ దగ్గర ఒక హోటల్ తీసుకున్నా, పొద్దున్నే పాంపే (దగ్గర్లోని పురాతన శిథిల నగరం) ట్రైన్లు ఎక్కడానికి వీలుగా ఉంటుందని. రూము శుభ్రంగానే ఉంది, రేటూ తక్కువే, కానీ రాత్రి తొమ్మిది దాటాక బయట వాతావరణం నాకు నచ్చలేదు, ఎవరూ ఏమీ అనలేదు గానీ ఫోన్ చేతిలో పట్టుకుని దారి చూసుకోవాలంటే మనసు ఒప్పుకోలేదు. తర్వాత పాత ఊళ్ళోకి మారిపోయా, దాంతే మెట్రో స్టేషన్‌కి నడిచేంత దూరంలో ఒక బీ అండ్ బీ. పాతకాలం భవనం, పెద్ద చెక్క తలుపు, లోపల వాకిలి, మూడో అంతస్తుకి లిఫ్ట్ ఉంది గానీ అందులో చిల్లర వేస్తేనే కదులుతుంది! ఇలాంటి లిఫ్టులు ఈ ఊళ్ళో ఇంకా చాలా భవనాల్లో ఉన్నాయి, చిన్న నాణేలు దగ్గర పెట్టుకోండి. బుకింగ్‌లో ఇరవై నాలుగ్గంటలూ రిసెప్షన్ అని రాశారు, నిజానికి అక్కడ ఎవరూ ఉండరు, మెసేజ్ పెడితే ఎవరో ఒకరు వస్తారు, నేను సూట్‌కేసు పక్కన పెట్టుకుని రోడ్డు మీద ముప్పావు గంట నిలబడ్డా. ఆ ఒక్కటి తప్పిస్తే ఆ బస నాకు చాలా నచ్చింది, ఎందుకంటే కిందకి దిగితే చాలు ఊరంతా అక్కడే ఉంటుంది. పైనించి తాడు కట్టిన బుట్ట దించి, కింద కూరగాయలాయన వేసినవి పైకి లాక్కునే ముసలమ్మలు, సందుకి ఈ పక్క నుంచి ఆ పక్కకి ఆరేసిన బట్టలు, సందులోంచి దూసుకుపోయే స్కూటర్లు. ఆ స్కూటర్లు అర్ధరాత్రి ఒంటిగంట దాకా ఆగవు, నిద్ర పల్చగా పట్టేవాళ్ళు లోపలి వాకిలి వైపు గది అడగండి, వీధి వైపు వద్దు. అంత గోల పడదంటే కొండ మీద వోమెరో అని ఉంది, కుటుంబాలు ఉండే నెమ్మదైన పేట, కిందకి ఫ్యూనిక్యులర్ రైల్లో, అంటే కొండ వాలు మీద తీగతో లాగే రైల్లో, దిగొచ్చు. సముద్రం వైపు కియాయా బాగుంటుంది గానీ రేట్లు ఎక్కువ, నా దృష్టిలో ఆ తేడా డబ్బు తిండికి పెట్టుకోవడం మేలు. ఏ చోటైనా సిటీ టాక్స్ రాత్రికి ఇంత అని విడిగా తీసుకుంటారు, చాలా చోట్ల క్యాషే అడుగుతారు.

తిండి దగ్గరికి వద్దాం. నేను చికెన్, చేపలు తింటా, బీఫ్, పోర్క్ తినను, శాకాహారులకి కూడా ఈ ఊళ్ళో ఇబ్బంది లేదు గానీ కొన్ని తెలుసుకుని వెళ్ళాలి. పిజ్జా సంగతి ముందు. 1870లో మొదలైన దా మిచేలేలో బయట నంబర్ చీటీ తీసుకుని పిలిచేదాకా నిలబడాలి, లోపల మెనూ అంతా కలిపి ప్రధానంగా మార్గెరీటా (టమాటా, చీజ్ వేసింది), మారినారా (చీజ్ లేనిది), అంతే. ఒక్కళ్ళం అయితే ఏదో ఒక టేబుల్‌లో ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టేస్తారు, నాలుగైదుగురు గుంపులుగా వచ్చినవాళ్ళకంటే నా నంబర్ ముందే పిలిచారు. నాలుగువందల డిగ్రీలు దాటిన కట్టెల పొయ్యిలో నిమిషం, నిమిషంన్నరలో కాలి వస్తుంది, అంచు ఉబ్బి అక్కడక్కడా మాడుతుంది, మధ్యలో తడి తడిగా ఉంటుంది, ముక్కలు కోసి ఇవ్వరు, ఫోర్కూ కత్తీ పెట్టుకుని తినాలి. మన దగ్గర తినే మందపాటి పిజ్జా మనసులో పెట్టుకుని వెళ్తే మొదటి ముక్కకి "ఇదేంటి పచ్చిగా ఉంది" అనిపిస్తుంది, రెండో ముక్కకి ఆ టమాటా రుచి పట్టుకుంటుంది. చీజ్ వద్దనుకునేవాళ్ళకి మారినారా దేవుడిచ్చిన వరం, టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె, ఇంకేం లేదు, నాకైతే మార్గెరీటా కంటే అదే నచ్చింది. 1889లో ఇటలీ రాణి మార్గెరీటా వచ్చినప్పుడు ఆమె పేరు పెట్టారని అక్కడ అందరూ చెప్తారు, అది కథేనని చరిత్రకారుల్లో చాలామంది అంటారు. కానీ నేపుల్స్ పిజ్జా చేసేవాళ్ళ పనితనాన్ని 2017లో యునెస్కో గుర్తించిన మాట నిజం, పిండి చేత్తో లాగి గాల్లో తిప్పి వేసే ఆ వేగం పొయ్యి దగ్గర నిలబడి చూస్తే ఎందుకు గుర్తించారో అర్థమవుతుంది.

క్యూలో నిలబడే ఓపిక లేకపోతే వియా దేయ్ త్రిబునాలి వీధిలో పోర్టఫోలియో పిజ్జా కొనుక్కోండి, చిన్న పిజ్జాని నాలుగు మడతలు పెట్టి కాగితంలో చుట్టి ఇస్తారు, రెండు మూడు యూరోల్లో మధ్యాహ్నం గడిచిపోతుంది. నూనెలో వేయించిన పిజ్జా ఫ్రిట్టా కూడా అదే వీధిలో దొరుకుతుంది, లోపల రికోత్తా చీజ్‌తో పాటు పంది కొవ్వు వేపుడు ముక్కలు వేస్తారు, పోర్క్ తిననివాళ్ళు ముందే "సెన్సా మయాలే", అంటే పోర్క్ లేకుండా, అని చెప్పాలి. అన్నిటికంటే ఎక్కువమంది మోసపోయేది తరాల్లి దగ్గర, చూడ్డానికి పెద్ద సైజు చేగోడీలా ఉంటుంది, మిరియాలు, బాదం పప్పు కనిపిస్తాయి, శాకాహారమే అనుకుని తినేస్తాం, కానీ ఇక్కడి సంప్రదాయ తరాల్లి పిండి కలిపేదే పంది కొవ్వుతో. జెనోవేజే అన్న పాస్తా ఉల్లిపాయలతో గంటలకొద్దీ ఉడికించేది, అందులో బీఫ్ ఉంటుంది. పాస్తా, బంగాళాదుంప, ప్రోవొలా చీజ్ కలిపి చేసే పాస్తా ఎ పతాతే మాత్రం తప్పకుండా తినండి, కొన్నిచోట్ల పోర్క్ ముక్కలు వేస్తారు కాబట్టి అడిగి. నాకు ఆ ఊరి మొత్తం మీద కడుపు చల్లబడిన భోజనం అదే.

మోంతెసాంతో స్టేషన్ పక్కన పిన్యసేక్కా బజార్ ఉంది, చేపల బుట్టలు, కూరగాయలు, అరుపులు, అక్కడే కువోప్పో, అంటే కాగితం పొట్లంలో వేడి వేడిగా వేయించిన చిన్న చేపలు, స్క్విడ్, రొయ్యలు. నిమ్మకాయ పిండుకుని నిలబడే తినేయడమే. సముద్రం ఒడ్డున వ్యూ ఉన్న ఒక రెస్టారెంట్‌లో దీనికి మూడు రెట్లు ఇచ్చి ఇవే చేపలు చల్లారినవి తిన్నాను, కూర్చున్నందుకు బిల్లులో తలకింత అని వేరే వేశారు, ఆ డబ్బుకి వ్యూ తప్ప ఇంకేం లేదు.

కాఫీ కూడా నిలబడే. చాలా చోట్ల ముందు క్యాష్ కౌంటర్‌లో డబ్బు కట్టి, ఆ చీటీ తెచ్చి కౌంటర్ మీద పెట్టాలి, ముందు ఒక గ్లాసు నీళ్ళు ఇస్తారు, తర్వాత రెండు గుక్కల ఎస్‌ప్రెస్సో, చిక్కగా, నాలిక్కి అంటుకునేంత. యూరోన్నర లోపే. అదే కప్పు పేరున్న కఫేలో కూర్చుని తాగితే రేటు మారిపోతుంది. ఇక్కడ ఒక అలవాటు నాకు చాలా నచ్చింది, తాగింది ఒకటైనా రెండు కాఫీలకి డబ్బు కట్టి వెళ్తారు, రెండోది డబ్బుల్లేని ఎవరైనా వచ్చి అడిగితే ఇవ్వడానికి, దాన్ని కఫే సొస్పేసో అంటారు. నేనూ రోజూ ఒకటి కట్టా. దాంతోపాటు స్ఫొల్యతెల్ల, పొరలు పొరలుగా కరకరలాడేది రిచ్చా, మెత్తటిది ఫ్రొల్లా, రెండిట్లోనూ రికోత్తా, రవ్వ, నారింజ తొక్క మురబ్బా. రిచ్చా పొయ్యిలోంచి తీసినప్పుడే తినాలి, స్టేషన్ దగ్గర అత్తనాసియోలో వేడిగా దొరికింది. బబా అనే కేకు రమ్‌లో నానబెట్టింది, మందు పడనివాళ్ళు చూసుకోండి.

చూసేవాటిలో, ఒక్కటే చూసే టైం ఉంటే ఆర్కియాలజికల్ మ్యూజియం చూడండి, మంగళవారం సెలవు. పాంపే గోడల మీది బొమ్మలు, మొజాయిక్‌లు, రోమ్‌లోని కారకల్లా స్నానశాలల్లో దొరికిన ఫార్నేసే హెర్క్యులీస్, ఆ విగ్రహం ముందు నిలబడితే మన తల దాని మోకాలు దాటి ఎంతో పైకి రాదు. కానీ నేను వెతుక్కుంటూ వెళ్ళింది ఒక జానెడు పైచిలుకు దంతపు బొమ్మ కోసం. 1938లో పాంపేలో తవ్వుతుంటే దొరికిన మన దేశపు స్త్రీమూర్తి, పక్కన ఇద్దరు చెలికత్తెలు, ఒంటినిండా నగలు. లక్ష్మి అని పేరు పడిపోయింది గానీ యక్షి అయి ఉంటుందని చాలామంది పండితులు అంటారు. అది సీక్రెట్ కాబినెట్ అన్న గదుల్లో ఉంది, శృంగార బొమ్మలన్నీ పెట్టిన చోటు, అందుకని మిస్ అయ్యేవాళ్ళు ఎక్కువ. ఇలాంటి దంతపు బొమ్మలు మహారాష్ట్రలోని భోకర్దన్, తేర్‌లలో దొరికాయి, అవి శాతవాహనులు ఏలిన చోట్లు, అంటే మన కోటిలింగాల, ధూళికట్ట, అమరావతి కాలపు లోకమే. పెద్దబంకూరులో రోమన్ నాణేలు దొరికాయని చదువుకున్నాం కదా, ఆ సరుకు అటు వెళ్ళి ఎక్కడ చేరిందో ఇక్కడ కళ్ళారా కనిపిస్తుంది. ఆ గాజు ముందు ఎంతసేపు నిలబడ్డానో, గార్డు వచ్చి ఇండియానా అని నవ్వుతూ అడిగాడు.

పాంపేనా, హెర్క్యులేనియమా అని అడిగితే, ఒక్క రోజే ఉంటే నా ఓటు హెర్క్యులేనియంకి. రెండూ క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు పోయినవే, రెండిటికీ చిర్కుమ్‌వెసువియానా లోకల్ ట్రైన్ ఉంది. పాంపే పెద్దది, చాలా పెద్దది, నీడ తక్కువ, వేసవి మధ్యాహ్నం తట్టుకోలేం, 2024 నవంబర్ నుంచి రోజుకి 20,000 మందినే లోపలికి పంపుతున్నారు, టికెట్ మీద పేరు ఉంటుంది కాబట్టి పాస్‌పోర్ట్ పట్టుకెళ్ళాలి. హెర్క్యులేనియం నాలుగైదు గంటల్లో తీరిగ్గా అయిపోతుంది, అక్కడ వేడికి బొగ్గయిపోయిన చెక్క దూలాలు, తలుపులు, మంచాలు అలాగే నిలబడి ఉన్నాయి, మేడలూ ఉన్నాయి. పడవల కొట్టాల్లో ఆ రాత్రి పడవలొస్తాయని ఎదురుచూస్తూ చనిపోయిన దాదాపు 300 మంది అస్థిపంజరాలు దొరికాయి, అక్కడికి వెళ్ళాక ఎవరూ మాట్లాడట్లేదు. ఈ ట్రైన్‌లో రద్దీ ఎక్కువ, బ్యాగు ముందు వైపు వేసుకోండి. సీజన్‌లో సీటు గ్యారంటీతో కంపానియా ఎక్స్‌ప్రెస్ నడుస్తుంది, రేటు ఎక్కువే గానీ ఎండాకాలం ఆ డబ్బు వృథా కాదు.

సాన్‌సేవేరో చాపెల్‌లో 1753లో సాన్‌మార్తీనో చెక్కిన ముసుగు క్రీస్తు విగ్రహం, పాలరాతి ముసుగు కింద ముఖం, నరాలు కూడా కనిపిస్తాయి. ఫోటోలు తీయనివ్వరు, అది మంచిదే, అందరూ నిజంగా చూస్తున్నారు. టికెట్ వారాల ముందు ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. రియోనే సానిటాలోని సాన్ జెన్నారో కాటకోంబ్స్‌ని (భూమి లోపలి పాత సమాధుల్ని) ఆ పేట కుర్రాళ్ళే కోఆపరేటివ్ పెట్టుకుని నడుపుతున్నారు, గైడ్ చక్కటి ఇంగ్లీష్‌లో చెప్పింది, ఈ ట్రిప్‌లో నేను డబ్బిచ్చిన సర్వీసులన్నిట్లో బెస్ట్ అదే. టోలేదో మెట్రో స్టేషన్‌కి మాత్రం మెట్రో టికెట్ చాలు, 50 మీటర్ల లోతుకి ఎస్కలేటర్ మీద దిగుతుంటే చుట్టూ నీలం మొజాయిక్, పనేం లేకపోయినా దిగి ఎక్కండి.

భద్రత గురించి అడుగుతారు కాబట్టి, ఫోన్ జేబులో, బ్యాగు ముందుకి, రాత్రి పది తర్వాత స్టేషన్ వెనక సందులు వద్దు. త్రిబునాలి, టోలేదో వైపు పదకొండింటికి కూడా పిల్లల్ని ఎత్తుకుని జనం తిరుగుతూనే ఉంటారు, నాకు భయం వేయలేదు. స్పానిష్ క్వార్టర్స్ అన్న పేటలో ఫుట్‌బాల్ ఆటగాడు మరడోనా బొమ్మ వేసిన గోడ దగ్గర అయితే గుళ్ళో ఉన్నట్టే కొవ్వొత్తులు, దండలు, అక్కడ ఒక పెద్దాయన నాకు దారి చెప్పి ఊరుకోకుండా సగం దూరం వచ్చి దిగబెట్టాడు.

ఒక పూట ఊరి గోల నుంచి బయటపడాలంటే కాప్రీ బదులు ప్రోచిదా దీవికి వెళ్ళండి. ఫాస్ట్ బోటులో నలభై నిమిషాలు, కోరిచెల్లా రేవులో రంగు రంగుల ఇళ్ళు, కాప్రీతో పోలిస్తే జనం తక్కువ, భోజనం రేట్లు కూడా తక్కువే, తొక్క కింద తెల్లటి మందపు పొర ఉన్న నిమ్మకాయల్ని కోసి పుదీనా, మిరప, ఉప్పు, ఆలివ్ నూనె వేసి సలాడ్ చేస్తారు, పులుపు ఇష్టపడే మన నోటికి భలే ఉంటుంది. శని, ఆదివారాలు కాకుండా చూసుకోండి, గాలి ఎక్కువుంటే బోట్లు ఆపేస్తారు, తిరుగు ప్రయాణంలో చివరి బోటు టైం పొద్దున రేవులో దిగగానే బోర్డు మీద ఫోటో తీసి పెట్టుకోండి.