యూరప్ బిజినెస్ కోర్సుకని డబ్బు కట్టబోతున్న నెల్లూరోళ్లు కాస్త ఆగండి

మాగుంట లేఅవుట్‌లో ఆఫీసు పెట్టి పిల్లల్ని యూరప్ కోర్సుకని తీసుకుపోయే ఆయన సంగతే. పేరు అక్కర్లేదు, డిగ్రీ, ఎంబీఏ పిల్లలున్న ప్రతి ఇంటికీ ఆయన బ్రోచర్ వచ్చే ఉంటుంది. యూరోపియన్ బిజినెస్ అండ్ ఎకనామిక్స్, 10 రోజులు, ఫ్రాంక్‌ఫర్ట్, లక్సెంబర్గ్, బ్రస్సెల్స్, 6 క్రెడిట్లు (చదివిన గంటల్ని బట్టి యూనివర్సిటీ ఇచ్చే పాయింట్లు). మా పాప అడిగింది, రొయ్యల డబ్బు అప్పుడే చేతికొచ్చింది, పోయి 3 లక్షల 80 వేలు కట్టేశా. రసీదు మీద కోర్సు అనే మాటే లేదు, టూర్ ప్యాకేజీ అని ఉంది. ఇంటికొచ్చాక చూసుకున్నా. అదీ నా తెలివి.

పాప మొన్న తిరిగొచ్చి ఫొటోలు చూపించింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో నీలం రంగు పెద్ద యూరో గుర్తు, దాని మీద పసుపు నక్షత్రాలు, ముందర మన పిల్లలంతా. బ్రోచర్లో రాసిన 'యూరోపియన్ సెంట్రల్ బ్యాంకులో సెషన్' ఇదేనంట! ఆ గుర్తుండేది పాత టవర్ ముందర. బ్యాంకు హెడ్డాఫీసు 2014లోనే అక్కణ్ణుంచి మైన్ నది ఒడ్డుకు, పాత కూరగాయల హోల్‌సేల్ మార్కెట్టున్న చోటికి మారిపోయింది. సెల్ఫీ దిగి బస్సెక్కారు, సెషన్ అయిపోయింది.

సరే, అదీ పోనీ. బ్రస్సెల్స్‌లో పార్లమెంట్ టికెట్ అని తలకు 45 యూరోలు గుంజారు, అదీ క్యాషే. యూరోపియన్ పార్లమెంట్ చూడ్డానికి టికెట్టే లేదండీ! ప్రవేశం ఉచితం. గ్రూపైతే ముందుగా బుక్ చేసుకోవాలి, అంతే. పాప అక్కడే బోర్డు చదివి ఫొటో తీసుకొచ్చింది.

ఆ ఫొటో పట్టుకుని నిన్న ఆఫీసుకు పోయా. డబ్బు కట్టిన రోజు 'అన్నా, అన్నా' అంటా కూల్‌డ్రింక్ తెప్పించి లిఫ్టు దాకా వచ్చిన మనిషి, నిన్న కుర్చీలోంచి లేవలేదు. ఫోన్ వైపు చూడను కూడా లేదు. టీ తాగుతా పక్కనున్న కుర్రాడితో అన్నాడు: "చూడ్రా, రొయ్యల గుంటల కాణ్ణుంచి వచ్చి మనకు యూరప్ గురించి చెప్తుండారు." ఆ పిల్లోడు నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ గుంటల డబ్బుతోనే కదయ్యా నువ్వు ఏసీలో కూర్చోనుండేది" అన్నా. "బయటికి పోండి, స్టాఫ్‌ను పిలుస్తా" అన్నాడు. ఈ మాట కోసం నేను 3 లక్షల 80 వేలు కట్టా!

ఇక ఆ 6 క్రెడిట్లు. యూరప్ యూనివర్సిటీల లెక్కలో ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల చదువు. ఆరంటే తక్కువలో తక్కువ 150 గంటలు. 10 రోజుల్లో, రోజుకు 15 గంటలు! బస్సులో నిద్రపోయిన టైమూ కలిపారేమో. సర్టిఫికెట్ మీద ఏ యూనివర్సిటీ పేరూ లేదు, ఈయన సొంత స్టాంపే. కాలేజీలో చూపిస్తే 'ఫ్రేమ్ కట్టించుకోమ్మా' అన్నారంట.

కట్టే ముందు క్రెడిట్లిచ్చే యూనివర్సిటీ పేరు కాగితం మీద రాయించుకోండి, వాళ్లకు మీరే మెయిల్ పెట్టి కనుక్కోండి. ఈ యూరప్ దేశాలకు పోవడానికి తీసుకునే షెంజెన్ వీసా ఫీజు 90 యూరోలు, సర్వీస్ ఛార్జీ కొంచెం వేరే. మా కాడ వీసాకని విడిగా 22 వేలు తీసుకున్నాడు. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చా, కన్స్యూమర్ కోర్టుకు కూడా పోతా. కావలి, ఒంగోలు నుంచి పోయిన పిల్లల తల్లిదండ్రులు రసీదులు పారేయకండి, నాకు మెసేజ్ పెట్టండి.