గూగుల్ సెర్చ్ కన్సోల్: వ్యాసాలు రాసేవారి వైపు నుంచి ఒక సమీక్ష

విశాఖపట్నానికి వచ్చే పర్యాటకులకు తెలుగులో సమాచారం అందించే ఒక వెబ్‌సైట్‌కు నేను కొన్నేళ్లుగా వ్యాసాలు రాస్తున్నాను. అవి గూగుల్‌లో ఎక్కడ కనిపిస్తున్నాయో, చదువరులు ఏమి వెతుకుతూ వాటి దగ్గరకు వస్తున్నారో తెలుసుకోవడానికి మొదటి నుంచీ వాడుతున్న ఉచిత సాధనం గూగుల్ సెర్చ్ కన్సోల్. 2015 వరకు దీనిని వెబ్‌మాస్టర్ టూల్స్ అనేవారు. ఇప్పుడు మనం చూస్తున్న రూపం 2018లో వచ్చింది. ఇది సాంకేతిక నిపుణుల వ్యవహారమని చాలామంది రచయితలు దీని జోలికి పోరు. నా అనుభవంలో మాత్రం దీనివల్ల ఎక్కువ లాభపడేది రాసేవారే. అదీ కొత్త వ్యాసం మొదలుపెట్టేటప్పుడు కాదు, పాత వ్యాసాన్ని తిరగరాసేటప్పుడు.

పెర్ఫార్మెన్స్ నివేదికలో ఒక పేజీని ఎంచుకుని దాని క్వెరీల (జనం వెతికిన మాటల) జాబితా తెరిస్తే, ఆ పేజీ ఏయే ప్రశ్నలకు ఫలితాల్లో కనిపించిందో, ఎన్నిసార్లు కనిపించిందో, అందులో ఎంతమంది లోపలికి వచ్చారో వరుసగా కనిపిస్తుంది. ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి గురించిన మా వ్యాసం దీనికి మంచి ఉదాహరణ. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొని, 2001లో విధుల నుంచి తప్పుకుని, 2002లో ప్రదర్శనశాలగా మారిన ఆ జలాంతర్గామి చరిత్రతో వ్యాసం మొదలయ్యేది. జాబితాలో ఉన్న ప్రశ్నలు వేరు: టికెట్ ఎంత, ఎన్ని గంటలకు తెరుస్తారు, ఏ రోజు సెలవు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు లోపల నడవగలరా. ఆ చివరి ప్రశ్నను ఊహించి రాయడం ఏ రచయితకూ సులభం కాదు, కాని అది పదేపదే కనిపించింది. చరిత్రలో ఒక్క వాక్యం కూడా తీసివేయకుండా, వేళలూ టికెట్టూ మెట్ల సంగతీ పైకి తెచ్చి శీర్షికలో కూడా ఆ సూచన చేర్చాక, తర్వాతి నెలల్లో అవే క్వెరీలకు క్లిక్కులు పెరిగాయి. కీవర్డ్ పరిశోధన పేరుతో అమ్మే ఖరీదైన సాధనాలేవీ తెలుగులో ఇంత సూక్ష్మంగా చూపగా నేను చూడలేదు, ఎందుకంటే వాటివి అంచనాలు, ఇవి మన పేజీ కనిపించిన అసలు వెతుకులాటలు.

తెలుగులో రాసేవారికి ఈ జాబితా మరో విధంగానూ ఉపయోగపడుతుంది. ఒకే సంగతిని కొందరు విశాఖపట్నం అనీ కొందరు వైజాగ్ అనీ, కొందరు తెలుగు లిపిలో, చాలామంది ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటల్లో వెతుకుతారు. విభక్తులు చేరి అరకుకు, అరకులో, అరకు నుంచి అంటూ ఒక్కో రూపం ఒక్కో వరుసగా విడిపోతుంది. 2021లో వచ్చిన రెజెక్స్ వడపోత, అంటే ఒక నమూనా ఇచ్చి దానికి సరిపోయే మాటలన్నిటినీ ఏరే పద్ధతి, ఈ రూపాలన్నిటినీ ఒకచోట చూపుతుంది కాబట్టి, అది నేర్చుకోవడానికి పట్టే కాస్త సమయం వృథా కాదు. అయితే ఆ రూపాలన్నిటినీ వ్యాసంలో కుక్కాలని దీని అర్థం కాదు. పేజీ కోడ్‌లో ముఖ్యమైన మాటల జాబితా ఇచ్చే కీవర్డ్స్ ట్యాగ్‌ను ర్యాంకింగ్‌కు, అంటే ఫలితాల వరుస నిర్ణయించడానికి, వాడడం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది, ఒకే మాటను అసహజంగా నింపడాన్ని తన స్పామ్ విధానాల్లో పేరు పెట్టి మరీ తప్పుపట్టింది. అయినా కీవర్డ్ ఇంత శాతం ఉండాలని లెక్క చెప్పి వ్యాసాలు రాయించుకునేవారు మన ఊళ్లో నేటికీ ఉన్నారు, వారికి ఏ నివేదిక చూపినా ప్రయోజనం ఉండదు.

ఇక అంకెల విషయంలో జాగ్రత్త అవసరం. అన్నిటికన్నా ఎక్కువగా తప్పుదోవ పట్టించేది, ఫలితాల్లో పేజీ కనిపించే సగటు స్థానం. ఒక వ్యాసం ఒక ప్రశ్నకు 100 సార్లు నాలుగో స్థానంలో కనిపిస్తోందనుకుందాం. మరుసటి నెల అది కొత్తగా మరో ప్రశ్నకు 100 సార్లు నలభయ్యో స్థానంలో కనిపించడం మొదలైతే, సగటు 4 నుంచి 22కు దిగజారుతుంది. నిజానికి ఏదీ చెడలేదు, వ్యాసం పరిధి పెరిగింది, అంతే. అరకు వ్యాసం అరకు కాఫీ గురించిన వెతుకులాటల్లో కూడా కనిపించడం మొదలైనప్పుడు మాకు జరిగినది ఇదే. కాబట్టి మొత్తం సగటును పక్కనపెట్టి, ఒక్కో క్వెరీని విడిగా చూడడం మేలు. క్వెరీల వరుసలన్నీ కూడినా పైన చూపే మొత్తం క్లిక్కులతో సరిపోకపోవడం కూడా కొత్తవారిని కంగారుపెడుతుంది. చాలా తక్కువమంది వెతికిన మాటలను గోప్యత కోసం జాబితా నుంచి తొలగించడం దానికి ఒక కారణం.

కాలాన్ని పోల్చేటప్పుడు మన పంచాంగం అడ్డొస్తుంది. సింహాచలం అప్పన్న నిజరూప దర్శనం ఏడాదికి ఒక్కరోజు, అక్షయ తృతీయనాడు జరిగే చందనోత్సవంలో మాత్రమే లభిస్తుంది. ఆ తిథి 2024లో మే 10న, 2025లో ఏప్రిల్ 30న వచ్చింది. ఈ సంగతి తెలియని సంపాదకుడు ఆ రెండు మే నెలలనూ పక్కపక్కన పెడితే, చందనోత్సవం వ్యాసం కుప్పకూలిందని నిర్ధారించుకుని బాగున్న వ్యాసాన్ని పాడుచేసే అవకాశం ఉంది. పైగా ఈ సాధనం 16 నెలల సమాచారాన్నే నిలిపి ఉంచుతుంది కాబట్టి, ఒక పండుగను అంతకుముందు ఏడాది పండుగతో పోల్చగలమే కాని మూడేళ్ల ధోరణి చూడలేము. అందుకని ప్రతి నెలా నివేదికను షీట్‌లోకి దించి దాచుకుంటాను, అందులోనూ వెయ్యి వరుసలకు మించి రావు కాబట్టి ముఖ్యమైన పేజీలకు విడివిడిగా దించుకోవాలి. ఇది విసుగు పుట్టించే పని. సాధనంలో నాకు అన్నిటికన్నా పెద్ద లోటుగా తోచేది ఇదే.

ఇండెక్సింగ్ నివేదిక గురించి చెప్పవలసింది కొంచెమే. ఒక పేజీని గూగుల్ చదివిందనీ, అయినా ఇండెక్స్‌లో (గూగుల్ ఫలితాలు తీసే పేజీల పట్టికలో) చేర్చలేదనీ అది చెబుతుంది. కారణం మాత్రం చెప్పదు. రుషికొండ, యారాడ, భీమిలి తీరాలకు మా సైట్‌లో ఒకే పోలికతో మూడేసి పేరాల పేజీలు విడివిడిగా ఉండేవి, వాటిలో కొన్ని ఆ స్థితిలోనే నిలిచిపోయాయి. వాటిని కలిపి, ఏ తీరంలో ఈత ప్రమాదకరమో, ఎక్కడికి ఆర్టీసీ బస్సు దొరుకుతుందో వివరించే ఒకే వ్యాసంగా తిరగరాసి, పాత చిరునామాలను దానికి మళ్లించాక ఆ వ్యాసం ఇండెక్స్‌లో చేరింది. ఇండెక్స్ చేయమని కోరే బటన్‌ను అదే పేజీకి పదేపదే నొక్కితే పని త్వరగా జరగదని గూగుల్ సహాయ పేజీల్లోనే ఉంది.

వాడదలచినవారికి ఒక సలహా. సైట్ యాజమాన్య ధ్రువీకరణను డొమైన్ (సైట్ పేరు) కొన్న చోట డీఎన్‌ఎస్ రికార్డు, అంటే ఆ పేరుకు సంబంధించిన సెట్టింగు, ద్వారా సొంత ఖాతాతోనే చేసుకోవాలి, బయటి ఏజెన్సీ ఖాతాతో చేయించకూడదు. ఏజెన్సీకి నివేదికలు చూసే పరిమిత అనుమతి ఇస్తే సరిపోతుంది, ఒప్పందం ముగిసిన రోజున దాన్ని తొలగించవచ్చు. మొదటి స్థానం ఖాయమని ఎవరైనా హామీ ఇస్తే, అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్ తన మార్గదర్శకాల్లో రాసిన మాటను వారికి చూపి, గత ఏడాది మీ పేజీలకు వచ్చిన క్వెరీల్లో ఏవి మెరుగుపడగలవో ఈ నివేదిక ముందు పెట్టి చెప్పమని అడగండి.