కుక్కర్ కూత అర్థమయ్యాక: పదకొండేళ్ల వాడకం

ప్రెషర్ కుక్కర్ కొని రెండు నెలలైనా దాన్ని అట్టపెట్టెలోంచి బయటికి తీయలేదు. తీసిన రోజున కూడా నీళ్లు పోసి, మూత బిగించి, పొయ్యి వెలిగించి, మొదటి విజిల్ రాకముందే ఆపేసి అవతలి గదిలోకి వెళ్లిపోయాను. అదే కుక్కర్‌లో పదకొండేళ్లుగా దాదాపు రోజూ వండుతున్నాను. అయిదు లీటర్లది, అల్యూమినియంది, మూత లోపలి నుంచి బిగుసుకునే రకం. దాని మంచిచెడ్డలు చెప్పాలంటే ముందు నా భయం సంగతి చెప్పక తప్పదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మ చేయి కాలింది. పొయ్యి ఆపి కాసేపయింది. విజిల్ రావడం లేదు. వెయిట్ ఎత్తి చూసినా ఆవిరి రాలేదు. ఇక ఏమీ లేదనుకుని ఆమె మూత తిప్పింది. అది బయటి నుంచి బిగించే పాతకాలపు మూత. కదలకపోతే ఇంకాస్త బలం పెట్టింది. ఆ మచ్చ మోచేతి నుంచి మణికట్టు దాకా ఇప్పటికీ ఉంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో కుక్కర్ లేదు. కుక్కర్ పేలిందనే అందరం చెప్పుకున్నాం, నేనూ అదే నమ్మాను. పక్కింట్లో విజిల్ వినిపించినా నా భుజాలు బిగుసుకుపోయేవి.

మా బావగారు ఒక కర్మాగారంలో బాయిలర్ల దగ్గర పని చేసేవారు. విప్పని పెట్టెను చూసి కారణం అడిగారు. అమ్మ సంగతి చెప్పాను. మొత్తం విని ఒక్కటే ప్రశ్న వేశారు: "వెయిట్ ఎత్తినప్పుడు ఆవిరి వచ్చిందా?"

రాలేదన్నాను.

"అయితే వెయిట్ కింద ఆవిరి బయటికి వచ్చే గొట్టం మూసుకుపోయి ఉంటుంది. లోపల ఆవిరి లేక రాకపోవడం వేరు, దారి లేక రాకపోవడం వేరు. బాయిలర్ దగ్గర చప్పుడు వస్తున్నంతసేపు మేం నిశ్చింతగా కూర్చుంటాం. రావలసిన చప్పుడు రానప్పుడే లేచి చూస్తాం" అన్నారు.

ఆ మాట నా మనసులో చాలా రోజులు తిరిగింది. ఇన్నేళ్లూ నేను భయపడింది విజిల్‌కు. విజిల్ వచ్చిందంటే ఆవిరికి దారి తెరిచి ఉందని అర్థం. అమ్మను కాల్చిన కుక్కర్ ఆ రోజు చప్పుడే చేయలేదు.

బావగారు ఆ సాయంత్రమే అర లీటరు నీళ్లతో, లోపల ఇంకేమీ వేయకుండా, నా చేత మూడుసార్లు కుక్కర్ పెట్టించారు. తర్వాత వారం రోజులు నేనొక్కదాన్నే అలా నీళ్లు మాత్రమే పోసి విన్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇంతకంటే మంచి సలహా నా దగ్గర లేదు. ముందు అడుగు భాగం చిటపటమంటుంది. తర్వాత గొట్టంలోంచి ఆవిరి తడబడుతూ, నీటి తుంపరలతో వస్తుంది. కాసేపటికి సన్నగా, నిటారుగా, ఆగకుండా వస్తుంది. వెయిట్ పెట్టేది అప్పుడే. అంతకుముందు పెట్టకపోవడంలో రెండు లాభాలున్నాయి. లోపలి గాలి బయటికి పోతుంది, గొట్టం తెరిచి ఉందో లేదో కళ్లారా తెలుస్తుంది. వెయిట్ పెట్టాక చప్పుడు తగ్గి, వెయిట్ సన్నగా వణికి, ఆ తర్వాత లేచి కూస్తుంది. ఈ వరుస చెవికి పట్టాక కూత ఎప్పుడు వస్తుందో ముందే తెలిసిపోతుంది, ఉలికిపాటు దానంతట అదే తగ్గుతుంది.

లోపల ఏం జరుగుతోందో తెలియడం కూడా నాకు ధైర్యమిచ్చింది. మామూలు గిన్నెలో నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, మంట ఎంత పెంచినా అక్కడే ఉంటుంది. ఆవిరిని మూసి ఉంచితే, చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో అదనపు ఒత్తిడి దగ్గర నీరు దాదాపు 121 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఒత్తిడి అంతకు మించకుండా వెయిట్ లేచి ఆవిరిని వదులుతుంది. ఇది కొత్త ఏర్పాటు కాదు. ఎముకలను సైతం మెత్తగా ఉడికించే పాత్రను డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1679లో లండన్‌లో చూపించాడు. ఆవిరి మితిమీరితే లేచేలా, బరువుతో అదిమిపెట్టిన సేఫ్టీ వాల్వు కూడా ఆయన అమర్చినదే. మూడు శతాబ్దాలకు పైగా మనుషులు దీన్ని సరిదిద్దుకుంటూ వచ్చారని తెలిశాక నాకు కొంత ఊరట కలిగింది.

తొందరపడి మూత తీస్తే ఏమవుతుందో కూడా లెక్కవేసి చూసుకున్నాను. లోపల లీటరు నీరు 121 డిగ్రీల దగ్గర ఉందనుకోండి. ఒత్తిడి ఒక్కసారిగా పోతే ఆ అదనపు వేడికి సుమారు 40 గ్రాముల నీరు ఆ క్షణంలోనే ఆవిరవుతుంది. చూడబోతే అది గుక్కెడు నీరే. ఆవిరిగా మారితే దానికి 60 లీటర్లకు పైగా చోటు కావాలి. అయిదు లీటర్ల గిన్నెలో ఆ చోటు లేదు కాబట్టి, మిగతా నీటినీ గింజలనూ తోసుకుంటూ బయటికి వస్తుంది. అందుకే గింజలు ఉడికించినప్పుడు వెయిట్ ఎత్తి ఆవిరి వదలను. నురగ గొట్టంలోంచి తన్నుకొస్తుంది. పొయ్యి ఆపి, వదిలేసి, వేరే పని చూసుకుంటాను.

మూత రకం గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. భయం ఉన్నవాళ్లు లోపలి మూత రకమే తీసుకోవాలి. మూత అడ్డుకొలత 20 సెంటీమీటర్లయితే పూర్తి ఒత్తిడిలో దాని మీద 300 కిలోలకు పైగా బలం పడుతుంది. లోపలి మూతను ఆ బలం అంచుకేసి అదుముతుంది. తీయాలంటే ముందు దాన్ని కిందికి దించాలి, అంత బలానికి ఎదురుగా చేత్తో నొక్కడం ఎవరి వల్లా కాదు. ఒత్తిడి పోయాక మూత దానంతట అదే సడలుతుంది. బయటి మూతల్లోనూ ఒత్తిడి ఉండగా తిరగకుండా ఆపే పిన్ను ఉన్నవి దొరుకుతాయి. అది లేని పాతవాటిలో, కొంచెం ఒత్తిడి మిగిలి ఉన్నా, మొండిగా తిప్పితే తిరుగుతాయి. మా అమ్మ విషయంలో జరిగింది అదే.

ఇన్నేళ్లలో గాస్కెట్ ఏడుసార్లు మార్చాను. అంచు వెంట ఆవిరి కారుతూ, వెయిట్ లేవడానికి ఆలస్యమవుతుంటే దాని పని అయిపోయినట్టే. అలాగే వాడితే నీరంతా ఆవిరైపోయి అడుగంటుతుంది. మూత పెట్టే ముందు గాస్కెట్ చుట్టూ వేలితో తడిమి చూస్తాను, ఎక్కడైనా గట్టిపడినా బీటవారినా తెలిసిపోతుంది. ఇక గొట్టం. దాన్ని ప్రతిసారీ, ఒక్కసారి కూడా మానకుండా, వెలుతురుకు ఎత్తి చూస్తాను. అవతలి వెలుగు కనిపించాలి. ఒకసారి శనగ పొట్టు అడ్డుపడి వెలుగు కనిపించలేదు. సన్నటి తీగతో తీసేశాను. ఆ పొట్టు ముక్క చిటికెన వేలి గోరంత కూడా లేదు. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

మూడో ఏడు ఒక పొరపాటు చేశాను. బంగాళాదుంపలు వేసి, నీళ్లు పోయడం మరిచిపోయి మూత పెట్టాను. ఫోనులో మాట్లాడుతూ, ఆవిరి వచ్చిందో లేదో చూడకుండానే వెయిట్ కూడా పెట్టేశాను. ఎంతకీ విజిల్ లేదు, మాడు వాసన మొదలైంది. లేచేలోపే, మూత మీద వెయిట్‌కు వేరుగా ఉండే సేఫ్టీ వాల్వులోంచి బుస్సుమని ఆవిరి వచ్చింది. అందులోని మిశ్రమలోహం మామూలు వంట వేడికి కరగదు, గిన్నె ఎండిపోయి వేడి హద్దు దాటితే కరిగి దారి ఇస్తుంది. నా చేతులు వణికాయి. అయినా పొయ్యి ఆపేసి, గిన్నెను ముట్టుకోకుండా పక్కనే నిలబడ్డాను. అదే నేను భయం దాటిన రోజు అనుకుంటాను. పాత వాల్వును ఏదో లోహంతో పూడ్చి ఇస్తానన్నాడు మరమ్మతు మనిషి. ఒప్పుకోలేదు. ఆ కుక్కర్ కోసం తయారైన వాల్వే తెప్పించి వేయించాను.

వంట విషయానికి వస్తే, నానబెట్టిన శనగలు మామూలు గిన్నెలో గంటకు పైగా పట్టేవి, ఇందులో ఒత్తిడి వచ్చాక పావుగంటలో మెత్తబడతాయి. దుంపలకు పది నిమిషాలు చాలు. అయితే నేను విజిళ్లు లెక్కపెట్టను. పెద్ద మంట మీద మూడు విజిళ్లు నాలుగు నిమిషాల్లో వచ్చేస్తాయి, చిన్న మంట మీద పావుగంట పడుతుంది. 'మూడు విజిళ్లు' అనే కొలతకు అర్థమే లేదు. మొదటి కూత రాగానే మంట తగ్గించి గడియారం చూస్తాను. మూడింట రెండు వంతులకు మించి నింపను. ఉబ్బేవి, నురగ వచ్చేవి అయితే సగమే. వేపుడు కోసం నూనె పోసి మూత బిగించడం మాత్రం ఎవరూ ఎప్పుడూ చేయకూడదు, ఇది ఆవిరి కోసం చేసిన పాత్ర.

లోపాలూ ఉన్నాయి. లోపలి మూతను ఏటవాలుగా దూర్చడం కొత్తలో విసుగు పుట్టిస్తుంది. నోరు ఇరుకు కావడంతో తోమేటప్పుడు అంచు కింద చేయి సరిగా అందదు. అల్యూమినియం లోపల నల్లబడుతుంది, పులుపు వస్తువులు అందులో నిల్వ ఉంచలేం. మళ్లీ కొనాల్సి వస్తే ఇదే రకం స్టీలుది కొంటాను. పిడి మరలు ఏడాదికి రెండుసార్లు వదులవుతాయి. మధ్యలో మూత తీసి రుచి చూసే వీలు లేకపోవడం మొదట్లో బాధించింది, ఇప్పటికీ ఆకుకూరలు ఇందులో వండను.

పోయిన ఏడాది అమ్మ మా దగ్గర నెల రోజులు ఉంది. నేను పొయ్యి వెలిగించగానే అవతలి గదిలోకి వెళ్లేది, అచ్చం ఒకప్పటి నాలాగే. నేను బలవంతం చేయలేదు. ఒక రాత్రి మాత్రం బావగారు అప్పట్లో అడిగిన ప్రశ్న గురించీ గొట్టం గురించీ చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. "నా తొందరపాటే కారణమని ఇన్నాళ్లూ అనుకున్నాను" అంది.

మర్నాడు ఉదయం నేను శనగలు కడుగుతుంటే, అమ్మ మూత చేతిలోకి తీసుకుని కిటికీ వైపు ఎత్తింది. ఒక కన్ను మూసి గొట్టంలోంచి చూసింది. "వెలుగు కనిపిస్తోంది" అని మూత నాకు అందించి, అక్కడే నిలబడింది.