విల్లు పిడికి ఏది మేలు: బెరడు తోలా, క్రోమ్ తోలా?

చెన్నైలో లాంగ్‌బోతో, అంటే సాదా పొడవాటి విల్లుతో, సాధన చేసే తెలుగువారు కొద్దిమందే అయినా, కత్తిరి ఎండలు ముగిసేసరికి వారిలో ఎవరో ఒకరు ఇదే ప్రశ్నతో వస్తారు: పిడి మీది తోలు అరిగిపోయి బొటనవేలి మొదట్లో చెక్క కనబడుతోంది, ఏ తోలు వేస్తే మేలు? ఈ మధ్యే నా విల్లుకూ తోలు మార్చాను కనుక, రకరకాల తునకలను చేతిలో పట్టి చూశాక కుదిరిన అభిప్రాయాన్ని వివరంగా రాస్తున్నాను. అడిగేవారు సాధారణంగా రంగు గురించీ మెత్తదనం గురించీ అడుగుతారు. నా దృష్టిలో ముందుగా తేల్చుకోవలసింది ఒక్కటే, మన అరచేతి చెమటను ఆ తోలు ఏం చేస్తుందన్నది.

తోలు దొరకడం ఈ ఊళ్లో కష్టం కాదు. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేటల్లోని టానరీలు (పచ్చి తోలును పదును చేసే కర్మాగారాలు) దగ్గరలోనే ఉన్నాయి, నగరంలో పెరియమేట్ తోలు వ్యాపారానికి పేరుపడ్డ చోటు. అక్కడ కనబడే రకాలు ఎన్ని ఉన్నా, పిడి విషయంలో అవి రెండు జాతుల కిందికే వస్తాయి. చెట్ల బెరడుతో పదును చేసినది ఒకటి, క్రోమియం లవణాలతో పదును చేసినది మరొకటి. మొదటిదాన్ని వ్యాపారులు ఈస్ట్ ఇండియా తోలు అనీ, క్లుప్తంగా ఇ.ఐ. అనీ అంటారు. ఒకప్పుడు దీన్ని మన తంగేడు బెరడుతోనే పదును చేసేవారు. తంగేడు తోలు వెలుతురు తగిలితే ఎర్రబడుతుంది కనుక, ఆ ఎరుపును తగ్గించడానికి చివర్లో కరక్కాయ పట్టించేవారు. తరువాతి కాలంలో తంగేడు స్థానాన్ని చాలావరకు వాటిల్ అనే తుమ్మ జాతి చెట్టు బెరడు సారం ఆక్రమించింది గాని, తోలు గుణం మాత్రం అదే.

ఏది ఏదో తెలియకపోతే కోసిన అంచును వెలుతురులో చూడండి. బెరడు తోలు లోపలంతా లేత గోధుమరంగులో ఉంటుంది. క్రోమ్ తోలుకు పైన ఏ రంగు వేసినా, మధ్యలో తరచుగా నీలం కలిసిన బూడిదరంగు చార కనబడుతుంది. తరువాత వేలికొసతో ఒక నీటిచుక్క పెట్టండి. పైపూత లేని బెరడు తోలు ఆ చుక్కను తాగి, ఆ మేరకు నల్లబడుతుంది. పూత వేసిన క్రోమ్ తోలు మీద చుక్క గుండ్రంగా నిలిచి, తునకను వంచితే జారిపోతుంది.

ఆ చుక్క చెప్పే తేడాయే నాకు నిర్ణాయకం. కొసలు ముందుకు వంగి ఉండే రికర్వ్ విల్లుకు చేతిని ఒకేచోట కూర్చోబెట్టే మలిచిన పిడి, ఊపును అణచే స్టెబిలైజర్ కడ్డీ ఉంటాయి. లాంగ్‌బో పిడి దాదాపు సూటిగా ఉంటుంది, అరచేతికి అది జారకుండా ఆపేది తోలు ఒక్కటే. సముద్రపు గాలిలోని తేమకు చెమట ఆరని ఈ ఊళ్లో, పూత వేసిన తోలు మీద ఆ చెమట పలుచని పొరలా నిలిచిపోతుంది. విల్లు చేతిలో తిరగబోతోందని తోచగానే వేళ్లు మనకు తెలియకుండానే బిగుసుకుంటాయి. బిగిసిన చెయ్యి విల్లును ఏదో ఒక వైపుకు మెలితిప్పుతుంది, బాణాలు కుడికో ఎడమకో చెదిరిపోతాయి. ఇటువంటి చెదురును చూసి బాణాల బిరుసును అనుమానించి కొత్తవి కొనేవారు ఉన్నారు గాని, ముందు చూడవలసింది పిడినే. బెరడు తోలు ఆ చెమటను కొంత తనలోకి తీసుకుంటుంది, పట్టు మిగులుతుంది, చెయ్యి వదులుగా ఉండగలుగుతుంది. పైగా తడిపి బిగించినప్పుడు తీసుకున్న ఆకారాన్ని ఆరాక కూడా నిలుపుకుంటుంది. కొన్నాళ్లు వాడేసరికి బొటనవేలి మొదట్లో మీ చేతికే సరిపడే చిన్న పల్లం ఏర్పడుతుంది.

దీనికి చెల్లించవలసిన మూల్యమూ ఉంది. చెమటలోని ఉప్పు బెరడు తోలును కాలక్రమాన తింటుంది. తోలు నల్లబడి, గట్టిపడి, చివరికి మడతల దగ్గర పగులుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానల్లో విల్లును మూసిన సంచిలో వదిలేస్తే బూజు పట్టడం ఖాయం. క్రోమ్ తోలుకు ఈ బాధలు చాలా తక్కువ. తడిసినా ఆరాక మెత్తగానే ఉంటుంది, రంగు అంత సులభంగా మారదు, పిడి వంపుల మీద ముడత లేకుండా సాగుతుంది. అయితే ఆ సాగే గుణమే తరువాత చిక్కు తెస్తుంది. రోజూ ఒకేచోట ఒత్తిడి పడి బొటనవేలి కింద క్రమంగా వదులవుతుంది, వదులైన తోలు బాణం వదిలే క్షణంలో చర్మంతో పాటు కదులుతుంది. అరచేతులు అంతగా చెమర్చని వారికీ, విల్లును శ్రద్ధగా తుడిచి ఆరబెట్టే తీరిక లేనివారికీ పైపూత లేని మెత్తని క్రోమ్ తోలు తప్పు ఎంపిక కాదు. బెరడు తోలుకే మళ్లీ క్రోమ్ పట్టించిన సెమీ క్రోమ్ మధ్యేమార్గం. పల్చని మేకతోలులో అది దొరికితే తీసుకోవచ్చు.

తోలు ఏదైనా మందం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉండాలి. రెండు మిల్లీమీటర్లు దాటితే పిడి లావై వేళ్లు చుట్టుకోవు. తోలు బాణం రాసుకుపోయే చోటి దాకా వెళ్తే, కుడిచేతివాటం వారికి బాణం ఆ మేరకు ఎడమకు జరుగుతుంది కూడా. అంతకన్నా ముఖ్యమైనది తోలు పై అంచు. బాణాన్ని చేతి మీదే ఆనించి వేసేవారికి చూపుడువేలి కణుపు ఆ అంచును బట్టే కూర్చుంటుంది, నారి మీద బాణం తగిలించే గుర్తు కూడా దాన్ని బట్టే కట్టి ఉంటుంది. అందుచేత పాత తోలు ఊడదీయక ముందే, దాని పై అంచు వెంబడి విల్లు మీద కాగితపు టేపు అంటించి గీత గీసుకోండి. కొత్త తోలు ఆ గీతకు కాస్త పైకి జరిగినా బాణం పైకీ కిందికీ ఊగుతూ వెళ్తుంది.

ఇక కుట్టాలా, అతికించాలా? మార్కెట్లో చెప్పుల పనివారు వాడే రబ్బరు జిగురుతో అతికిస్తే పని క్షణాల్లో అయిపోతుంది, కానీ ఒకసారి తాకిన తోలును మళ్లీ జరపడం కుదరదు. మళ్లీ మార్చే రోజున ఆ జిగురును గీకడంలో విల్లు వార్నిష్ దెబ్బతింటుంది. వేడి చేసి ఊడదీద్దామంటే, ఫైబర్‌గ్లాస్ పొరలున్న విల్లులో ఆ పొరలను పట్టి ఉంచిన ఎపాక్సీ జిగురు కూడా వేడికి మెత్తబడే ప్రమాదం ఉంది. నేను కుట్టునే కోరుకుంటాను. కుట్టిన తోలును దారం కోసి ఎప్పుడైనా విప్పవచ్చు, కింద చెక్క చెమ్మగిల్లిందేమో చూడవచ్చు.

పిడి చుట్టుకొలతను కాగితంతో తీసుకుని, తోలును దానికన్నా నాలుగైదు మిల్లీమీటర్లు తక్కువగా కోయాలి. రెండు అంచుల్లోనూ సమాన సంఖ్యలో, సమాన దూరంలో ఆరెతో రంధ్రాలు వేయాలి. తోలును తడిగుడ్డతో చెమ్మ చేసి, మైనం పట్టించిన దారంతో రెండు సూదులు వాడి దారాలు ఒకదాన్నొకటి అడ్డంగా దాటేలా లాగి కుడితే, ఆరేటప్పుడు అది బిగిసి పిడికి అతుక్కున్నట్టే నిలుస్తుంది. కుట్టు వరుస లక్ష్యం వైపు ఉండాలి, అరచేతి ఒత్తిడి పడే వైపు రాకూడదు. తడిగా ఉన్న బెరడు తోలుకు ఇనుప క్లిప్పులు, మేకులు తగలనివ్వకండి. కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుప ద్రావణంతో నల్లగీత ఎలా పడుతుందో, ఇక్కడా అలాగే పోని మచ్చ పడుతుంది. తోలు పిడి మీద తిరగకుండా ఉండాలంటే అరచేతి వైపు మధ్యలో సన్నని జిగురు గీత ఒక్కటి చాలు.

నూగు పైకి ఉండే స్వేడ్ తోలు మొదట్లో బాగుంటుంది గాని మురికి పట్టి నున్నబడుతుంది. బ్యాడ్మింటన్ బ్యాటు గ్రిప్పు టేపు తాత్కాలికంగా పనికొస్తుంది. తోలు పట్టీని చుట్లుగా చుడితే ప్రతి అంచూ అరచేతికి తగులుతుంది. రెక్సిన్ వద్దు.

కొనేటప్పుడు తోలులో వెన్ను భాగం నుంచి తునక అడగండి, పొట్ట భాగం ఎక్కువగా సాగుతుంది. కుట్టాక ఒక రాత్రంతా నీడలో ఆరనివ్వండి. ఆరిన తోలు మీద కొద్దిగా తేనెమైనం రుద్దితే చాలు, నూనె ఎక్కువైతే పట్టు పోతుంది. బ్రేస్ హైట్‌ను, అంటే నారి ఎక్కించిన విల్లులో పిడికీ నారికీ మధ్య దూరాన్ని, పిడి నుంచి కొలిచేవారికి కొత్త తోలు మందం మేరకు అంకె తగ్గినట్టు కనబడుతుంది, అది చూసి నారిని మెలిపెట్టకండి. తోలు చేతికి కుదురుకునే వరకు కొన్నాళ్లు బాణాలు వేసి, ఆ తరువాతే నారి మీది గుర్తును సరిచూసుకోండి.