పెప్పర్ స్ప్రే: నిషేధమా, ఎవరికైనా అమ్మడమా, మందుల షాపు పద్ధతా?

మా తరం ఆడవాళ్లకు సిటీ బస్సులో ఆయుధం పిన్నీసు. వెనక నిలబడినవాడి చెయ్యి హద్దు దాటితే ఒక్క గుచ్చు. వాడు నోరెత్తలేడు, మనం ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర లేదు. మా అమ్మాయి రాయదుర్గం మెట్రో స్టేషన్ నుంచి రాత్రి పదింటికి నడిచి వస్తుంది. దాని బ్యాగులో ఉండేది పెప్పర్ స్ప్రే. పోయిన నెల కొత్తది కొనడానికి ఇద్దరం వెళ్లాం. దుకాణంలో వయసు అడగలేదు, వాడే పద్ధతి చెప్పలేదు. గడువు తేదీ ఎక్కడుందో నేనే వెతుక్కున్నాను.

ఇలాంటి వస్తువును సామాన్యుల చేతికి ఇవ్వవచ్చా? బ్రిటన్ కుదరదంటుంది. అక్కడ 1968 నాటి ఆయుధాల చట్టం కింద ఇది తుపాకుల సరసన చేరిన నిషిద్ధాయుధం. మన దేశంలో లైసెన్సు అక్కర లేదు, డబ్బిస్తే చాలు. న్యూయార్క్ రాష్ట్రానిది నడిమి దారి. కొనేవారికి 18 ఏళ్లు నిండాలి, ఫార్మసిస్టు దగ్గరో లైసెన్సున్న తుపాకుల దుకాణంలోనో కొనాలి, ఒక విడతలో రెండుకు మించి ఇవ్వరు.

దొంగల చేతికి పోతుందన్నది నిషేధం కోరేవారి మొదటి మాట. ‘కళ్లలో కారం చల్లి దోపిడీ’ అన్న వార్త చదవని తెలుగువాళ్లు ఉంటారా? దొంగకు స్ప్రే దొరక్కపోతే కిరాణా కొట్టుంది. నిషేధిస్తే చేతులు ఖాళీ అయ్యేది మా అమ్మాయికే. అలాగని బ్యాగులో కారం పొట్లం చాలనుకోవద్దు. పొట్లం విప్పి గుప్పిట పట్టేలోపు ఎదుటివాడు మీద పడతాడు, గాలి ఎదురొస్తే మన కళ్లే మండుతాయి. స్ప్రేలో ఉండేది మిరప నుంచి తీసిన నూనె. రెండు మూడు మీటర్ల దూరం నుంచి గురి చూసి కొట్టవచ్చు, నీళ్లతో అంత తేలిగ్గా వదలదు. గుంటూరు సన్నం ఘాటు 35 వేల నుంచి 40 వేల స్కోవిల్ యూనిట్లు. స్ప్రే డబ్బాల మీద 20 లక్షలని కూడా రాసుకుంటారు. ఆ అంకె చూసి మురిసిపోవద్దు, అది పలచన చేయక ముందు నూనెది కావచ్చు. డబ్బాలో కారం అసలు ఎంత శాతమన్నది చూడాలి.

సంబంధం లేని పక్కవాళ్లకూ హాని అన్న నిషేధవాదుల రెండో మాటను మాత్రం కొట్టిపారేయలేను. 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో తెలంగాణ బిల్లు పెట్టినప్పుడు విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ స్ప్రే కొట్టారు. తలుపులు మూసిన గదిలో ఆ ఘాటుకు పార్టీ భేదం తెలియలేదు. దగ్గుతూ బయటికి పరుగెత్తినవారిలో కొందరిని ఆసుపత్రికి తరలించారు. 2019లో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి హత్యాచారం తర్వాత మన మెట్రోలో మహిళలు స్ప్రే తీసుకెళ్లడానికి అనుమతించారు. మంచిదే. కానీ కిక్కిరిసిన ఏసీ బోగీలో నొక్కితే పక్క సీటులోని ఆస్తమా రోగి గతి ఏమిటి? అక్కడ తాళంచెవులకు తగిలించుకునే చిన్న సైరన్ మేలు, నిజం చెప్పాలంటే పిన్నీసు ఇంకా మేలు. స్టేషన్ దాటి వీధి దీపం లేని సందులోకి వస్తే సైరన్ ఎవరికి వినపడుతుంది? అక్కడ స్ప్రేయే. ఇక ఒంటికి ఆనించి కరెంటు షాక్ కొట్టే స్టన్ గన్ మాట ఎత్తకండి, వాడి ఒంటికి తగిలేంత దగ్గరికి రానిచ్చాక ఆత్మరక్షణ ఎక్కడిది?

చట్టం వైపు కూడా ఒక కన్ను వేయాలి. భారతీయ న్యాయ సంహిత ఆత్మరక్షణ హక్కు ఇస్తుంది, అవసరానికి మించి హాని చేసే హక్కు ఇవ్వదు. ఒక ఆస్తి తగాదాలో సెక్యూరిటీ గార్డు మీద స్ప్రే కొట్టిన కేసును కొట్టివేయడానికి 2024లో కర్ణాటక హైకోర్టు ఒప్పుకోలేదు. ప్రాణానికి ముప్పు కనిపించని చోట దాన్ని వాడారన్నది కోర్టు అభ్యంతరం.

నా ఓటు మందుల షాపుకే. హైదరాబాద్‌లో ఏ సందు తిరిగినా ఒకటి కనిపిస్తుంది. గడువు తేదీ చూసి ఇవ్వడం, బిల్లు రాయడం, ‘ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లున్నారా అమ్మా’ అని అడగడం వాళ్లకు కొత్త కాదు. 50 డిగ్రీలు దాటిన వేడిలో ఉంచవద్దని డబ్బా మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. మే నెల ఎండలో నిలిపిన స్కూటీ డిక్కీలో దాన్ని పెట్టవద్దని నోటితో చెప్పేవారు ఒకరుండాలి కదా. ఆడవాళ్లకే అమ్మాలన్న షరతు మాత్రం వద్దు. అర్ధరాత్రి భోజనం పొట్లాలు మోసే కుర్రాళ్లకు మనుషుల భయమూ ఉంది, కుక్కల భయమూ ఉంది. జర్మనీలో దీన్ని జంతువుల నుంచి రక్షణకనే పేరు పెట్టి అమ్ముతారు.

కొత్త డబ్బా తెచ్చిన సాయంత్రం, పాతదానితో సాధన చేద్దామని డాబా ఎక్కాం. అమ్మాయిని గాలికి వీపు పెట్టి నిలబడమన్నాను. మూత మీది లాక్ తిప్పడానికే దానికి పది సెకన్లు పట్టింది. చివరికి నొక్కితే జానెడు దూరం కూడా పోలేదు, నాలుగు చుక్కలు దాని వేళ్ల మీదే కారాయి. గడువు తీరి ఏడాదిన్నర అయింది. అన్నాళ్లూ ఆ డబ్బా ఉందన్న ధైర్యంతోనే అది ఆ సందులో నడిచింది, నేను ఇంట్లో నిద్రపోయాను.