ఉద్యోగం చేస్తూ బి.ఏ.: కళాశాలా, ఇగ్నోనా, సరిహద్దు దాటడమా?

ప్లస్ టూతో చదువు ఆపి, దుకాణంలోనో బడిలోనో పొలంలోనో స్థిరపడి, ముప్పై అయిదేళ్లు దాటాక బి.ఏ. చదవాలనుకునే తెలుగువారు ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల్లో ఎందరో ఉన్నారు. ఈ కోరిక మన నేలకు కొత్తది కాదు. గిడుగు రామమూర్తి 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరి, ఉద్యోగం చేసుకుంటూనే ఎఫ్.ఏ. (నేటి ఇంటర్ వంటిది), బి.ఏ. పరీక్షలకు ప్రైవేటుగా చదివారు.

కళాశాలలో చేరడం వల్ల కలిగే అసలు లాభం సంభాషణ. చరిత్ర, రాజనీతి, సాహిత్యం వంటి విషయాలు ఒంటరిగా చదివితే సమాచారంగా మిగులుతాయి. అధ్యాపకుడిని ప్రశ్నించి, తోటివారితో విభేదించినప్పుడే అవి ఆలోచనగా మారతాయి. 1896 నాటి శ్రీకృష్ణచంద్ర గజపతి కళాశాల పర్లాకిమిడిలోనే ఉండటం అక్కడివారి అదృష్టం. అయితే పగటి తరగతులు, హాజరు నియమం సంపాదించే మనిషికి పెద్ద అడ్డంకులు. కుటుంబ ఆదాయం ఆగని పరిస్థితి ఉన్నవారికే ఈ దారిని నేను సూచిస్తాను.

మిగిలినవారికి 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇగ్నో, మేలు. దాని ప్రాంతీయ కేంద్రాల్లో ఒకటి కొరాపుట్‌లోనే ఉంది. ఇగ్నోలో ఒక క్రెడిట్‌ను 30 గంటల చదువుగా లెక్కిస్తారు. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు అనుకుంటే 3,600 గంటలు అవుతాయి; మూడేళ్లలో ముగించాలంటే రోజుకు మూడు గంటల పైచిలుకు, గరిష్ఠంగా ఇచ్చే ఆరేళ్ల గడువును పూర్తిగా వాడుకుంటే రెండు గంటల లోపు చదవాలి. పగలంతా శ్రమించి వచ్చినవారు ఆ రెండో లెక్కనే నమ్ముకోవడం మంచిదని, ఆలస్యమైందని చిన్నబుచ్చుకోనక్కర్లేదని నా అభిప్రాయం. గుర్తింపు పొందిన దూరవిద్యా డిగ్రీని రెగ్యులర్ డిగ్రీతో సమానంగా పరిగణించాలని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) నిబంధనలు చెబుతున్నాయి కనుక విలువ విషయంలో బెంగ అక్కర్లేదు. లోటల్లా ఆ సంభాషణే. ఒకే ఊళ్లో చేరిన ఇద్దరు ముగ్గురు ఆదివారాలు కలిసి చదువుకుంటే అది కొంత తీరుతుంది.

ఇక భాష. ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో ఒడియాలో చదివినవారికి కళాశాల పాఠం సులువుగా అందుతుంది. ఇగ్నోలో ప్రధానంగా ఇంగ్లిషు, హిందీ మాధ్యమాలే ఉండటం చాలామందిని వెనక్కి లాగుతుంది. తెలుగులోనే రాయాలనుకునేవారు ఆంధ్రా విశ్వవిద్యాలయ దూరవిద్య వైపు చూస్తారు. కాని రాష్ట్ర విశ్వవిద్యాలయాలు తమ రాష్ట్రం వెలుపల అధ్యయన కేంద్రాలు నడపరాదు గనుక తరగతులకూ పరీక్షలకూ సరిహద్దు దాటక తప్పదు. ఆంధ్రలోని పాతపట్నం పక్కనే ఉన్న పర్లాకిమిడివారికి అది భారం కాకపోవచ్చు, కొరాపుట్ జిల్లా జయపురంవారికి మాత్రం భారమే. ఎటు చేరాలనుకున్నా, రుసుము కట్టేముందు ఆ కోర్సు పాత ప్రశ్నపత్రం తెచ్చుకుని, ఏదో ఒక ప్రశ్నకు ఆ భాషలో రెండు పేజీల జవాబు రాసి చూసుకోవాలి. ఆ రెండు పేజీలూ రాకపోతే మాధ్యమం మార్చుకోవాలే గాని చదువు మానుకోకూడదు.

ఇగ్నోలో చేరే రైతులు మరొకటి గమనించాలి. సత్రాంత (టర్మ్ ఎండ్) పరీక్షలు జూన్‌లోనూ డిసెంబరులోనూ జరుగుతాయి. డిసెంబరు నాటికి వరికోతలు, నూర్పిళ్లు ముగియకపోవచ్చు కాబట్టి, కష్టమైన పేపర్లను జూన్‌కు ఉంచుకుని, డిసెంబరులో ఒకటి రెండు మాత్రమే రాయడం మేలు.